తుంటి ఎముక విరిగినప్పుడు నొప్పి తగ్గించే నెర్వ్ బ్లాక్: తరచుగా అడిగే ప్రశ్నలు

పెద్దవాళ్లు జారిపడి తుంటి విరిగిందంటే ఇంటిల్లిపాదికీ టెన్షనే. ఆపరేషన్ ఎప్పుడు, ఎవరు చేస్తారు, మళ్లీ నడుస్తారా అని అందరూ అడుగుతారు. ఆపరేషన్ జరిగే దాకా ఆ నొప్పి ఎలా భరించాలి అని అడిగేవాళ్లు తక్కువ. ఈ పేజీ ఆ ప్రశ్న గురించే. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ నరం దగ్గర ఇచ్చే మత్తు ఇంజెక్షన్ గురించి రోగులు, వాళ్ల ఇంట్లోవాళ్లు సాధారణంగా అడిగే సందేహాలకు జవాబులు ఇక్కడున్నాయి.

తుంటి విరిగితే అంత నొప్పి ఎందుకు ఉంటుంది?

తుంటి విరిగిందన్నప్పుడు విరిగేది ఎక్కువగా తొడ ఎముక పైభాగం. కీలులో ఇమిడే గుండ్రటి తల కింద సన్నటి మెడ ఉంటుంది. కొందరికి అక్కడ విరుగుతుంది, కొందరికి ఇంకాస్త కింద, పెద్ద కండరాలు అతుక్కునే చోట విరుగుతుంది. ఎముకను అంటిపెట్టుకుని ఉండే సన్నటి పొరలోనూ, కీలు చుట్టూ ఉండే తిత్తిలోనూ నొప్పిని మోసే నరాలు దట్టంగా ఉంటాయి. విరిగిన ముక్క కొంచెం కదిలినా ఆ పొర సాగుతుంది. దానికి తోడు తొడ కండరాలు బిగుసుకుపోయి ముక్కల్ని ఇంకా జరుపుతాయి.

అందుకే కదలకుండా పడుకున్నప్పుడు ఓర్చుకోగలిగినట్టున్న మనిషి, పక్క మార్చినా, ఎక్స్‌రే బల్ల మీదికి ఎత్తినా, బెడ్‌పాన్ పెట్టినా కేక పెడతారు. "పడుకుంటే బాగానే ఉన్నారు కదా" అన్న మాటతో సరిపెట్టుకోకూడదు. కాలు కాస్త కదిపినప్పుడు ఎలా ఉందో అడిగితేనే అసలు నొప్పి తెలుస్తుంది.

నెర్వ్ బ్లాక్‌లో ఏం చేస్తారు?

తుంటి నుంచి మెదడుకు నొప్పి కబురు కొన్ని నరాల ద్వారా వెళ్తుంది. వాటిలో ముఖ్యమైనవి గజ్జ దగ్గర తొడలోకి దిగే ఫెమొరల్ నరం, తొడ లోపలి వైపు వెళ్లే ఆబ్చురేటర్ నరం. ఆ నరాలు వెళ్లే దారిలో, వాటి పక్కనే స్థానిక మత్తుమందు ఇస్తారు. ఆ మందు ఉన్నంతసేపూ నరం కబురు మోయలేదు. మనిషి మెలకువగానే ఉంటారు, మాట్లాడతారు. మందు నరంలోకి గుచ్చరు, నరం చుట్టూ చేరేలా ఇస్తారు. ఈ తేడా చాలామందికి తెలియక భయపడుతుంటారు.

పారాసిటమాల్, మార్ఫిన్ లాంటివి ఉన్నాయి కదా, మళ్లీ ఈ సూది ఎందుకు?

పారాసిటమాల్ ఇవ్వాల్సిందే, వేళకు ఇవ్వాలి కూడా. కానీ విరిగిన తుంటికి అదొక్కటే సరిపోదు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మందులు వయసు పైబడినవాళ్లలో కిడ్నీలను దెబ్బతీస్తాయి, కడుపులో పుండ్లు, రక్తస్రావం తెస్తాయి. అందుకే తుంటి విరిగిన పెద్దవాళ్లకు వాటిని వద్దంటారు. ఇక మిగిలేది మార్ఫిన్, ట్రమడాల్ కుటుంబం. అవి నొప్పి తగ్గిస్తాయి, నిజమే. కానీ ఎనభై ఏళ్ల శరీరంలో వాటికి చెల్లించాల్సిన మూల్యం ఎక్కువ: వికారం, మలబద్ధకం, మగత, ఊపిరి నెమ్మదించడం, అయోమయం. కిడ్నీలు సరిగా లేనివాళ్లలో మార్ఫిన్ నుంచి పుట్టే పదార్థాలు ఒంట్లో పేరుకుపోతాయి కూడా. పైగా ఈ మందులు కదలకుండా ఉన్నప్పటి నొప్పిని తగ్గించినంత బాగా, కదిలినప్పటి నొప్పిని తగ్గించలేవు.

బ్లాక్ పనిచేసేది సరిగ్గా అక్కడే. దీని మీద జరిగిన పరిశోధనలన్నింటినీ కలిపి కాక్రేన్ సంస్థ 2020లో ఒక సమీక్ష వెలువరించింది. 49 అధ్యయనాలు, 3,061 మంది రోగులు. బ్లాక్ ఇచ్చిన అరగంటలోపే కదిలినప్పటి నొప్పి, పది పాయింట్ల కొలతలో సుమారు రెండున్నర పాయింట్లు అదనంగా తగ్గిందని తేలింది. ఆపరేషన్ చుట్టూ వచ్చే అయోమయ స్థితి కూడా తగ్గింది. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు తగ్గే అవకాశముందని, మంచం దిగి మొదటి అడుగు వేయడం త్వరగా జరిగే అవకాశముందని కూడా ఆ సమీక్ష చెప్పింది. నొప్పి తగ్గించడాన్ని ఓదార్పుగా కాకుండా వైద్యంలో భాగంగా చూడాలని గట్టిగా చెప్పడానికి నాకు ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

అల్ట్రాసౌండ్ లేకుండా కూడా వేసేవాళ్లు కదా?

వేసేవాళ్లు, ఇప్పటికీ వేస్తున్నవాళ్లు ఉన్నారు. గజ్జలో ఎముక గుర్తులు చేత్తో తడిమి, చోటు లెక్కగట్టి, మొద్దు మొన ఉన్న సూది పెడితే రెండు పొరలు దాటినప్పుడు రెండుసార్లు టక్కుమన్నట్టు చేతికి తెలుస్తుంది. రెండోది దాటాక మందు ఇస్తారు. అనుభవం ఉన్న చేతికి ఇది బాగానే వస్తుంది. కానీ లావుగా ఉన్నవాళ్లలో, ఒళ్లు బాగా కరిగిపోయినవాళ్లలో ఆ పొరలు చేతికి అందవు. మందు పైపొరలోనే ఉండిపోయి, అరగంట గడిచాక "పనిచేయలేదు" అని తేలుతుంది.

అల్ట్రాసౌండ్‌లో తొడ రక్తనాళం కొట్టుకుంటూ కనిపిస్తుంది. దాని పక్కనే, కండరం మీద పరిచిన ఒక తెల్లటి గీత కనిపిస్తుంది, అదే ఫేషియా ఇలియాకా పొర. దాని కింద నరం ఉంటుంది. సూది ఎక్కడుందో, మొన పొర దాటిందో లేదో తెర మీద చూస్తూ ముందుకు నడపవచ్చు. మందు కొంచెం వదలగానే పొర కండరం నుంచి విడిపోయి మధ్యలో నల్లటి జాగా ఏర్పడుతుంది. అది కనిపిస్తే సరైన చోట ఉన్నట్టు. కనిపించకపోతే అక్కడితో ఆపి సూది సర్దుకోవచ్చు. చెయ్యి తిరిగిన డాక్టరుకైనా ఈ చూపు వల్ల కలిగే భరోసా వేరు. రక్తనాళంలోకి పొరపాటున మందు వెళ్లే ప్రమాదం తగ్గుతుంది, తక్కువ మందుతో పని జరుగుతుంది.

ఇది ధ్వని తరంగాలతో చేసే స్కానింగ్, కాబట్టి ఎక్స్‌రేలో ఉండే రేడియేషన్ ఇందులో ఉండదు.

ఇందులో ఎన్ని రకాలున్నాయి? మా అమ్మకు ఏది మంచిది?

ప్రధానంగా మూడు వాడుకలో ఉన్నాయి.

ఫెమొరల్ బ్లాక్‌లో ఆ ఒక్క నరం పక్కనే మందు ఇస్తారు. త్వరగా అయిపోతుంది, తొడ ముందు భాగం బాగా మొద్దుబారుతుంది.

ఫేషియా ఇలియాకా బ్లాక్‌లో నరానికి కాస్త దూరంగా, ఆ పొర కింద 30 నుంచి 40 మిల్లీలీటర్ల పలచటి మందు నింపుతారు. చాప కిందికి నీరు పాకినట్టు అది పొర వెంబడి వ్యాపించి ఫెమొరల్ నరాన్ని, తొడ బయటి వైపు చర్మానికి వెళ్లే నరాన్ని చేరుతుంది. 1989లో దీన్ని మొదట పిల్లల్లో వర్ణించారు, తర్వాత పెద్దల తుంటి విరుగుళ్లలో ఇదే ఎక్కువగా నిలిచిపోయింది. గజ్జ గీతకు పైనుంచి ఇచ్చే పద్ధతిలో మందు కడుపు వైపు పైకి పాకుతుంది కాబట్టి నరాలు మరింత నమ్మకంగా అందుతాయి.

పెంగ్ బ్లాక్ కొత్తది, 2018లో టొరంటో డాక్టర్లు ప్రచురించారు. తుంటి కీలు ముందు భాగానికి వచ్చే చిన్న కొమ్మల మీద, ఎముకకు ఆనించి సుమారు 20 మిల్లీలీటర్ల మందు ఇస్తారు. కీలు తిత్తిలో నొప్పి నరాలు ఎక్కువగా ఉండేది ముందు భాగంలోనే. పెద్ద నరం జోలికి పోకపోవడం వల్ల తొడ కండరాల బలం చాలావరకు నిలుస్తుంది. అయితే మందు పక్కకు పాకితే ఇందులోనూ కాలు బలహీనపడవచ్చు. చర్మం మొద్దుబారదు కాబట్టి ఆపరేషన్ కోత నొప్పికి ఇదొక్కటే చాలదు.

ఏది మంచిదన్నదానికి నా జవాబు సూటిగా ఉంటుంది: మీ డాక్టరు రోజూ చేసేది, బాగా చేయగలిగేది. పేరు కొత్తగా ఉందని ఒకదాని కోసం ఆరు గంటలు ఎదురుచూడటం కంటే, ఇప్పుడే అందుబాటులో ఉన్న మామూలు ఫేషియా ఇలియాకా బ్లాక్ వెయ్యి రెట్లు నయం.

ఎప్పుడు వేయించాలి? ఆపరేషన్ రోజు సరిపోతుందా?

ఎక్స్‌రేలో విరిగిందని తేలగానే వేయించడం మంచిది, ఎమర్జెన్సీలోనే. ఈ పేజీలో ఒక్క జవాబే గుర్తుంచుకుంటే ఇది గుర్తుంచుకోండి.

తుంటి విరిగిన వ్యక్తి అతి ఎక్కువగా కదిలేది మొదటి కొన్ని గంటల్లోనే. అంబులెన్సు, స్ట్రెచర్, ఎక్స్‌రే, ఈసీజీ, వార్డు, పక్కబట్టలు మార్చడం. వీటన్నిటికీ నొప్పితోనే వెళ్లనిచ్చి, థియేటర్‌లో మత్తు ఇచ్చేముందు బ్లాక్ వేస్తే అసలు అవసరం గడిచిపోయాక వేసినట్టవుతుంది. ఆపరేషన్ వీలైతే అదే రోజు, లేదా మర్నాడు చేయాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. అయినా గుండె పరీక్షల కోసమో, రక్తం పలచబరిచే మందుల ప్రభావం తగ్గడం కోసమో ఆలస్యం కావడం మామూలే. ఆ ఎదురుచూపంతా నొప్పిలో గడవక్కర్లేదు.

అందుకే ఎమర్జెన్సీ డాక్టర్లు కూడా ఇప్పుడు ఈ బ్లాక్ నేర్చుకుంటున్నారు. కొన్ని చోట్ల శిక్షణ పొందిన నర్సులు, అంబులెన్సు సిబ్బంది కూడా ఫేషియా ఇలియాకా బ్లాక్ ఇస్తున్నారు.

సూది వేసేటప్పుడు నొప్పిగా ఉంటుందా?

చర్మాన్ని ముందు సన్నటి సూదితో మొద్దుబారుస్తారు. అది చీమ కుట్టినట్టు ఉంటుంది. ఆ తర్వాత లోపల ఏదో నొక్కినట్టు, నిండినట్టు తెలుస్తుంది. వెల్లకిలా పడుకుంటే చాలు, పక్కకు తిరగనక్కర్లేదు. విరిగిన చోటును కదపరు. మందు ఇచ్చేటప్పుడు కాలి కిందికి కరెంటు కొట్టినట్టు జివ్వుమంటే వెంటనే చెప్పాలి, సూదిని వెనక్కి తీస్తారు.

ముందుగా చేతికి సెలైన్ సూది పెడతారు, బీపీ, ఈసీజీ, ఆక్సిజన్ చూసే తీగలు తగిలిస్తారు. ఏ వైపు విరిగిందో పేరుతో సహా మళ్లీ అడుగుతారు. పదిమంది పదిసార్లు అడిగినా విసుక్కోకండి, తప్పు వైపు సూది పడకుండా చేసే జాగ్రత్త అది. అన్నీ కలిపి పదిహేను, ఇరవై నిమిషాల పని.

ఎంతసేపటికి పనిచేస్తుంది? ఎంతసేపు ఉంటుంది?

సాధారణంగా 20 నుంచి 30 నిమిషాల్లో తేడా తెలుస్తుంది. బూపివకైన్, రోపివకైన్ లాంటి మందులతో ఒకసారి వేసిన బ్లాక్ దాదాపు 8 నుంచి 16 గంటలు ఉంటుంది. అరగంట దాటినా కదిపితే అంతే నొప్పి ఉంటే డాక్టరుకు చెప్పండి. బ్లాక్ అందరిలోనూ ఒకేలా పనిచేయదు.

నొప్పి పూర్తిగా పోతుందా?

చాలామందిలో పూర్తిగా పోదు, బాగా తగ్గుతుంది. కీలు వెనుక భాగానికి వచ్చే నరాలు వేరే దారిలో వస్తాయి, ఈ బ్లాకులు వాటిని అందుకోవు. కాబట్టి బ్లాక్ వేశారని పారాసిటమాల్ ఆపేయకూడదు.

ఈ బ్లాక్‌తోనే ఆపరేషన్ చేసేస్తారా?

మామూలుగా చేయరు. ఆపరేషన్‌కు వెన్నుకు మత్తు గానీ, పూర్తి మత్తు గానీ కావాలి. అయితే వెన్నుకు మత్తు ఇవ్వాలంటే రోగిని కూర్చోబెట్టాలి లేదా పక్కకు తిప్పాలి. విరిగిన తుంటితో అది ఎంత నరకమో ఊహించవచ్చు. ముందే బ్లాక్ వేసి ఉంటే ఆ పని మర్యాదగా జరుగుతుంది. ఆపరేషన్ తర్వాతి గంటల్లోనూ దాని ప్రయోజనం మిగులుతుంది.

రక్తం పలచబరిచే మందులు వాడుతున్నారు. వేయొచ్చా?

చాలా సందర్భాల్లో వేయొచ్చు. వెన్నుకు మత్తు ఇచ్చే విషయంలో ఈ మందులు పెద్ద అడ్డంకి, ఎందుకంటే వెన్నుపాము దగ్గర రక్తం గడ్డకడితే కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంటుంది. గజ్జలో వేసే ఫెమొరల్, ఫేషియా ఇలియాకా బ్లాకులు పైపైన ఉండేవి. రక్తం కారినా అదిమి పట్టుకుంటే ఆగే చోటు. పెంగ్ బ్లాక్ కొంచెం లోతు కాబట్టి ఇంకాస్త ఆలోచిస్తారు. నిజానికి ఈ మందుల వల్ల ఆపరేషన్ ఆలస్యమయ్యేవాళ్లకే బ్లాక్ అవసరం ఇంకా ఎక్కువ. ఏ మందు, చివరి మోతాదు ఎప్పుడు వేసుకున్నారు అన్నది మాత్రం చీటీ మీద రాసి డాక్టరుకు ఇవ్వండి.

షుగరు, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉంటే?

ఇవేవీ బ్లాక్‌కు అడ్డం కావు. గుండె, ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవాళ్లకు మార్ఫిన్ తగ్గించడమే పెద్ద మేలు. షుగరు వల్ల అరికాళ్లలో ఇప్పటికే తిమ్మిర్లు ఉంటే ముందే చెప్పాలి. కాలివేళ్లు ముందునుంచే మొద్దుగా ఉన్నాయా, బ్లాక్ తర్వాత అయ్యాయా అన్నది తర్వాత తేల్చడం కష్టం.

బ్లాక్ వద్దనే సందర్భాలు కొన్నే: రోగి ఒప్పుకోకపోవడం, సూది గుచ్చే చోట చర్మానికి ఇన్ఫెక్షన్, ఆ మత్తుమందుకు అలర్జీ. గజ్జలో గతంలో రక్తనాళానికి బైపాస్ ఆపరేషన్ జరిగి ఉంటే తప్పకుండా చెప్పండి.

ప్రమాదాలు ఏమిటి? దాచకుండా చెప్పండి.

సూది చోట కమిలిపోవడం, బ్లాక్ సరిగా పట్టకపోవడం, కొన్ని గంటల పాటు కాలు బలహీనంగా ఉండటం, ఇవి మామూలుగా కనిపించేవి. ఇన్ఫెక్షన్ అరుదు. నరానికి శాశ్వతంగా దెబ్బ తగలడం చాలా అరుదు.

అందరం జాగ్రత్తపడేది ఒకదాని గురించి: మత్తుమందు రక్తంలో మోతాదు మించి చేరడం. మొదట నోట్లో లోహం రుచి, పెదాల చుట్టూ చిమచిమలు, చెవుల్లో హోరు, తల తిరగడం. ముదిరితే ఫిట్స్, గుండె లయ తప్పడం. ఇది అరుదే, కానీ ప్రాణాంతకం కావచ్చు. అందుకే మోతాదును బరువు ప్రకారం లెక్కేస్తారు. ఉదాహరణకు బూపివకైన్‌ను కిలోకు 2 మిల్లీగ్రాములకు మించకూడదనుకుంటే, 50 కిలోల మనిషికి 100 మిల్లీగ్రాములు. 0.25 శాతం మందులో అది 40 మిల్లీలీటర్లు, 0.5 శాతం మందులో 20 మాత్రమే. ఒళ్లు తగ్గిపోయిన పెద్దవాళ్ల బరువును ఉజ్జాయింపుగా ఎక్కువ చెప్పకండి. ఈ లెక్క దాని మీదే నిలబడుతుంది.

మందును ఒకేసారి నెట్టకుండా, మధ్యమధ్యలో సిరంజి వెనక్కి లాగి రక్తం రావట్లేదని చూసుకుంటూ ఇస్తారు. తర్వాత కనీసం అరగంట బీపీ, గుండె లయ గమనిస్తారు. ఒకవేళ విషప్రభావం కనిపిస్తే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ అనే విరుగుడు ఉంది. అది అందుబాటులో ఉన్న చోటే ఈ బ్లాక్ చేయాలి. "లిపిడ్ ఉందా?" అని మీరు అడిగినా తప్పు లేదు.

మా నాన్నకు మతిమరుపు జబ్బు. నొప్పి ఉందో లేదో చెప్పలేరు. ఆయనకు వేయాలా?

ముందుగా వేయాల్సింది అలాంటివాళ్లకే. నోరు తెరిచి అడగలేనివాళ్లకు నొప్పి మందు తక్కువగా అందుతుంది. ఎదుటివాళ్లు అది గమనించరు కూడా. నొప్పి అణచకుండా వదిలేస్తే అయోమయం పెరుగుతుంది, నొప్పి అణచడానికి మార్ఫిన్ ఎక్కువైనా అయోమయం పెరుగుతుంది. ఈ రెండింటి మధ్య నుంచి బయటపడే దారి బ్లాక్.

నొప్పిని మాటల్లో చెప్పలేనివాళ్లలో ఐదు విషయాలు చూస్తారు: ఊపిరి తీరు, మూలుగులు, ముఖంలో ముడతలు, ఒళ్లు బిగబట్టడం, ఊరడిస్తే ఊరడిల్లుతున్నారా లేదా. వీటికి మార్కులు వేసి పదికి ఎంతో లెక్కిస్తారు. కానీ ఆయన్ని ఎన్నో ఏళ్లుగా చూస్తున్నది మీరు. "నాన్న ఎప్పుడూ ఇలా పళ్లు బిగబట్టరు" అని మీరు చెప్పే మాట ఆ మార్కుల కంటే తక్కువది కాదు. నర్సుకు చెప్పండి, వినకపోతే మళ్లీ చెప్పండి. సూది వేసేటప్పుడు తెలిసిన మనిషి ఒకరు చెయ్యి పట్టుకుని పక్కన ఉంటే ఎంతో తేడా. అనుమతి పత్రం మీద సంతకం ఎవరు చేయాలన్నది డాక్టరు చెబుతారు.

బ్లాక్ వేశాక ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

మొద్దుబారిన చర్మానికి వేడి తెలియదు కాబట్టి వేడినీళ్ల సంచి పెట్టకూడదు. ఆపరేషన్ అయ్యాక నిలబెట్టేటప్పుడు ఫిజియోథెరపీవాళ్లకు బ్లాక్ వేసిన సంగతి చెప్పాలి, మోకాలు ఒక్కసారిగా మడత పడవచ్చు. నొప్పి తగ్గింది కదా అని ఒక్క భంగిమలోనే వదిలేయకుండా మడమలు, నడుం కింద ఒత్తిడి పుండ్లు రాకుండా పక్క మారుస్తుండాలి. బ్లాక్ వల్ల ఆ పని ఇప్పుడు సులువవుతుంది కూడా.

రాత్రి పూట బ్లాక్ దిగిపోతుందని అనిపిస్తే, నొప్పి తిరగబెట్టేదాకా ఆగకుండా ముందే మాత్ర అడగండి.

కాలికి బరువు కట్టి లాగితే నొప్పి తగ్గదా?

ఆపరేషన్‌కు ముందు అందరికీ అలా బరువు కట్టడం వల్ల తుంటి విరుగుళ్లలో నొప్పి తగ్గుతుందని పరిశోధనల్లో రుజువు కాలేదు. కాలి కింద మెత్తటి దిండు పెట్టి, రోగికి హాయిగా అనిపించిన భంగిమలో ఉంచడం మేలు.

ఒకసారి వేశాక మళ్లీ వేయొచ్చా?

వేయొచ్చు. ఆపరేషన్ ఆలస్యమైతే, ముందటి మోతాదు, వేళ చూసుకుని మళ్లీ ఇస్తారు. కొన్ని చోట్ల నరం పక్కన సన్నటి గొట్టం ఉంచి మందు నెమ్మదిగా ఎక్కిస్తారు.

మర్నాటికీ కాలు మొద్దుగానే ఉంటే?

24 గంటలు దాటినా స్పర్శ రాకపోయినా, కాలు కదపలేకపోయినా మత్తు డాక్టరుకు తెలియజేయండి. చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది. ఎముక విరగడం వల్లో, ఆపరేషన్ వల్లో, వాపు వల్లో కూడా నరం మీద ఒత్తిడి పడుతుంది కాబట్టి కారణం వెతకాలి. కాలు చల్లబడినా, రంగు మారినా, ఉన్నట్టుండి నొప్పి విపరీతంగా పెరిగినా క్షణం ఆగకూడదు.

మేమున్న ఆస్పత్రిలో ఈ బ్లాక్ చేసేవాళ్లు లేరంటే?

ముందు "మత్తు డాక్టరు గారిని ఒకసారి అడుగుతారా?" అని మర్యాదగా, గట్టిగా అడగండి. ఎముకల వార్డులో తెలియకపోయినా, థియేటర్‌లో రోజూ బ్లాకులు చేసేవాళ్లు అదే ఆస్పత్రిలో ఉండవచ్చు. అల్ట్రాసౌండ్ లేకపోయినా, పాత పద్ధతిలో ఫేషియా ఇలియాకా బ్లాక్ చేయగలిగినవాళ్లు ఉండవచ్చు.

అదీ కుదరకపోతే పారాసిటమాల్ వేళ తప్పకుండా ఇమ్మని, మార్ఫిన్ జాతి మందును కొద్దికొద్దిగా, కదిపే ముందు ఇమ్మని, దానితో పాటు మలబద్ధకానికి మందు మొదలుపెట్టమని అడగండి. ఎక్స్‌రేకు తీసుకెళ్లేముందు మందు పనిచేసేంత వ్యవధి ఇవ్వమనండి. ఆపరేషన్ ఆలస్యమవుతుంటే కారణం ఏమిటో, ఆ కారణం ఎప్పటికి తీరుతుందో అడగండి. విరిగిన ముక్కలు కదలకుండా బిగించే దాకా నొప్పికి అసలు మూలం అలాగే ఉంటుంది కాబట్టి, ఆపరేషన్ కూడా నొప్పికి మందే.